మెట్ల మీద కూర్చున్న అమ్మాయిల గురించి: స్కూలు పెద్దలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు, స్కూలు యాజమాన్యాలకు, నాతోటి వ్యాయామ ఉపాధ్యాయులకు,

నమస్కారం. నేను ఉద్యోగమంతా ఆటల మేడమ్‌గానే చేసి రిటైర్ అయ్యాను. ఈ లేఖ పతకాల గురించి రాయడం లేదు. పతకం తెచ్చే పిల్లని ఎవరూ వదులుకోరు. ఆమె ఫొటో ఆఫీసు గోడ మీద ఉంటుంది, వార్షికోత్సవం రోజు ఆమె పేరు మైకులో మోగుతుంది. నా బాధంతా మిగతా వాళ్ల గురించి. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో ఉండి, ఆటల పీరియడ్ బెల్లు కొట్టగానే మైదానం వైపు కాకుండా మెట్ల వైపు నడిచే అమ్మాయిల గురించి.

"అమ్మాయిలకు ఇంట్రెస్ట్ ఉండదండీ" అని స్టాఫ్ రూంలో అనేస్తుంటాం. ఐదో తరగతిలో ఇదే పిల్లల్ని ఇంటర్వెల్ అయ్యాక లోపలికి తోలడానికి మన తల ప్రాణం తోకకొచ్చేది. మూడేళ్లు తిరిగేసరికి ఆ ఇష్టమంతా ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదని నా వాదన. ఇష్టం ఉన్నా ఆడలేని పరిస్థితులు ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. వాటిలో చాలావరకు మన ప్రహరీ గోడ లోపలే ఉన్నాయి, మనం తలుచుకుంటే తీసేయగలిగినవే. అందుకే తల్లిదండ్రుల కంటే ముందు మీకు రాస్తున్నాను.

ఇది ఏ ఒక్క స్కూలు కథో కాదు. 146 దేశాల్లో 11 నుంచి 17 ఏళ్ల లోపు చదువుకునే పిల్లల లెక్కలు తీసి ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2019లో ఒక నివేదిక ప్రచురించారు. ఆ వయసు పిల్లలకు సగటున రోజుకు గంటసేపైనా ఒళ్లు అలిసే కదలిక కావాలన్నది సంస్థ సిఫారసు. ఆ మాత్రం కూడా లేనివాళ్లు అబ్బాయిల్లో 78 శాతం, అమ్మాయిల్లో 85 శాతం అని తేలింది. అబ్బాయిల సంగతీ గొప్పగా లేదన్నమాట. కాకపోతే 2001 నుంచి 2016 దాకా చూస్తే అబ్బాయిల లెక్క కాస్తయినా మెరుగైంది. అమ్మాయిలది దాదాపు ఉన్నచోటే ఉంది. అంటే ఆ పదిహేనేళ్లలో పెట్టిన పోటీలు, చేసిన ప్రచారాలు, ఇచ్చిన నినాదాలు అబ్బాయిలకు కొంత అందాయేమో గానీ, మెట్ల దాకా చేరలేదు.

ఆటల పీరియడ్ మీ స్కూల్లో ఎలా నడుస్తుందో ఒక్కసారి ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి చూడండి. బెల్లు కొడుతుంది. అబ్బాయిలు బ్యాటు, బంతి పట్టుకుని మెట్లు దిగకుండానే దూకి వెళ్లిపోతారు. మైదానం మధ్యలో వికెట్లు దిగుతాయి, అంతటితో స్థలం పంపకం అయిపోయినట్టే. బంతి ఎటైనా రావచ్చు కాబట్టి మిగతా జాగా కూడా ఎవరికీ పనికి రాదు. అమ్మాయిలు గోడ పక్కన నీడలోకి చేరతారు. ఒకమ్మాయి అబ్బాయిల వాచీలు, కళ్లజోళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఇద్దరు రింగు విసురుకుంటారు, అదీ పది నిమిషాలు. ఇంకొకరు రికార్డు పుస్తకంలో బొమ్మ వేసుకుంటుంటారు. మధ్యలో లెక్కల సారు వచ్చి, "ఖాళీగానే ఉన్నారుగా, రండి, రెండు లెక్కలు చేద్దాం" అంటారు. గమనించండి, ఆయన అబ్బాయిల్ని పిలవరు. వాళ్లు ఆడుకుంటున్నారు కదా!

ఇక్కడ ఎవరూ ఎవరినీ ఆడొద్దని అనలేదు. అన్యాయం చేశామని ఎవరికీ అనిపించదు. రోజూ ఇలాగే జరిగితే మాత్రం, మైదానం తమది కాదని ఆ పిల్లలకు అర్థమైపోతుంది. రింగు మీద నాకు కోపం లేదు సుమా. పట్టుదలగా ఆడి చూడండి, భుజాలూ మోకాళ్లూ ఏమంటాయో తెలుస్తుంది. కానీ అమ్మాయిలకు రింగు, అబ్బాయిలకు మైదానం అని ఎవరు రాసిపెట్టారు?

కాబట్టి మొదటి కోరిక స్థలం గురించి. మైదానానికి టైంటేబుల్ వేయండి. ఫలానా రోజు, ఫలానా పీరియడ్‌లో సగం మైదానం అమ్మాయిలది అని రాసి నోటీసు బోర్డులో పెట్టండి. గీత గీసి, బంతులు వేరుగా ఇచ్చి, పీఈటీ సారో మేడమో ఆ సగంలో నిలబడాలి. "మీరూ ఆడుకోండమ్మా" అని దూరం నుంచి చెయ్యి ఊపితే కుదరదు. మైదానం చిన్నదైతే రోజు మార్చి రోజు ఇవ్వండి. అబ్బాయిలు మొదటి రెండు వారాలు గొణుగుతారు, తర్వాత అలవాటు పడతారు. కలిసి ఆడతామనే పిల్లలుంటే కలిపి ఆడించండి, కానీ అదొక్కటే దారి కాకూడదు. పదమూడేళ్ల వయసులో బంతి జారవిడిస్తే నవ్వే వాళ్ల ముందు కొత్త ఆట నేర్చుకోవడం అందరి వల్లా కాదు.

రెండోది శరీరం. ఈ మాట ఎత్తగానే మనలో చాలామంది చూపు తిప్పుకుంటారు, అందుకే సూటిగా రాస్తున్నాను. పదకొండు, పన్నెండేళ్లకు ఆడపిల్ల ఒళ్లు మారుతుంది. ఛాతీ పెరుగుతుంది, పరుగెత్తితే నొప్పి, దానికంటే ఎక్కువ సిగ్గు. వాలీబాల్ ఆడే ఒకమ్మాయిని చూసేదాన్ని. సర్వీసు బాగా చేసేది. ఎనిమిదో తరగతికి వచ్చాక బంతి పైకి వచ్చినప్పుడల్లా ఒక చెయ్యి లేచేది, రెండో చెయ్యి ఛాతీకి అడ్డంగా ఉండిపోయేది. ఒంటిచేత్తో వాలీబాల్ ఎంతసేపు ఆడతారు? కొన్నాళ్లకు కాలు నొప్పి అంది, తర్వాత కడుపు నొప్పి అంది, తర్వాత ఆడటమే మానేసింది. ఆ పిల్లకు అప్పుడు కావలసింది ప్రోత్సాహక ప్రసంగం కాదు, ఒక మంచి స్పోర్ట్స్ బ్రా, ఆ సంగతి చెప్పే ఒక పెద్ద మనిషి.

బ్రిటన్‌లో 11 నుంచి 18 ఏళ్ల స్కూలు అమ్మాయిలను రెండు వేల మందికి పైగా అడిగి 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. స్కూల్లో తప్పనిసరి ఆటల క్లాసుల మీద కూడా ఛాతీకి సంబంధించిన ఇబ్బందుల ప్రభావం పడిందని దాదాపు సగం మంది చెప్పారు. ఈ విషయం మాకు ఇంకా వివరంగా చెప్పండి అని అడిగినవాళ్లు అంతకంటే ఎక్కువ. ఆ మాటకొస్తే స్పోర్ట్స్ బ్రా అనే వస్తువు పుట్టిందే 1977లో. అమెరికాలో జాగింగ్ చేసే ఒకామె, మరో ఇద్దరు కలిసి, మగ క్రీడాకారులు వాడే రెండు లోదుస్తుల్ని కలిపి కుట్టి మొదటిది తయారు చేశారు. అంతకు ముందు తరాల ఆడవాళ్లు అసలు ఎలా పరుగెత్తారో అనిపిస్తుంది నాకు. ఈ రోజుకీ మన స్కూల్లో ఆ పేరు పైకి అనడానికి మొహమాటపడితే ఎలా? ఏడో తరగతి అమ్మాయిలకూ వాళ్ల అమ్మలకూ కలిపి ఒక మేడమ్‌తో అరగంట మాట్లాడించండి చాలు.

నెలసరి సంగతి. "ఆ రోజుల్లో ఆడకూడదు" అనే మాట ఇంకా వింటున్నాను. ఆరోగ్యంగా ఉన్న పిల్ల నెలసరిలో ఆడితే ఏ హానీ లేదు. కొందరికి కదలిక వల్ల నొప్పి తగ్గుతుంది కూడా. మరీ నొప్పిగా ఉన్న పిల్లని బలవంతపెట్టనక్కర్లేదు, కారణం అందరి ముందూ చెప్పించనూ వద్దు. పిల్లలకు అసలు భయం ఆట వల్ల కాదు, మరక వల్ల. ఆటల రోజున తెల్ల ప్యాంటు, తెల్ల స్కర్టు వేసుకు రావాలని నియమం పెట్టింది మనం. ఎంత పెద్ద ఆటగత్తెలకైనా ఈ టెన్షన్ తప్పలేదు. నఖశిఖపర్యంతం తెలుపే ఉండాలని పట్టుబట్టే వింబుల్డన్ కూడా 2023 నుంచి మహిళలు స్కర్టు కింద ముదురు రంగు షార్ట్స్ వేసుకోవచ్చని ఒప్పుకుంది. అదే ఏడాది ఇంగ్లండ్ మహిళల ఫుట్‌బాల్ జట్టు ప్రపంచకప్‌కు తెల్ల షార్ట్స్ వదిలి నీలం రంగువి వేసుకుని వెళ్లింది. ప్రపంచమంతా చూసే క్రీడాకారిణులే ధైర్యంగా అడిగి మార్పించుకోవలసి వచ్చినప్పుడు, తొమ్మిదో తరగతి పిల్ల తనంతట తాను మీ గదికి వచ్చి అడుగుతుందని ఎదురుచూడటం అన్యాయం. ఆటల బట్టల రంగు మార్చండి. నేవీ బ్లూనో, నలుపో. వదులుగా, మోకాలి దాకానో మడమ దాకానో, ఎవరికి వీలైంది వాళ్లు వేసుకునేలా ఉండనివ్వండి. తల కప్పుకునే పిల్లలుంటే అలాగే ఆడనివ్వండి, అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో 2014 నుంచే అనుమతి ఉంది.

బట్టలు మార్చుకునే చోటు కూడా చూడండి. అమ్మాయిల బాత్రూంకి గడియ సరిగా పడుతుందా, నీళ్లు వస్తున్నాయా, మూత ఉన్న చెత్తబుట్ట ఉందా, వాడిన ప్యాడు పడేయడానికి దారి ఉందా. గడియ పడకపోతే ఒకరు లోపల బట్టలు మార్చుకుంటుంటే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడతారు. ముప్పై మంది అలా మార్చుకుని వచ్చేసరికి పీరియడ్ సగం అయిపోతుంది. ఆ ఆలస్యం చూసి "వీళ్లింతే, తయారవడానికే సరిపోతుంది" అని నవ్వేది మళ్లీ మనమే. ప్యాడ్లు ఆఫీసు బీరువాలో తాళం వేసి పెట్టి, కావలసినవాళ్లు రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకోవాలనే పద్ధతి కూడా చూశాను. అలా పెడితే ఎవరూ అడగరు. సరుకు మాత్రం భద్రంగా ఉంటుంది.

ఇదంతా ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, ఈ వయసు మళ్లీ రాదు. ఎముకల్లో ఖనిజం అన్నిటికంటే వేగంగా చేరేది అమ్మాయిలకు సుమారు పన్నెండున్నర ఏళ్ల దగ్గర. కెనడాలో 1991 నుంచి అదే పిల్లల్ని ఏళ్ల తరబడి వెంటబడి కొలిచిన అధ్యయనం ఒకటుంది. పెద్దయ్యాక ఉండే ఎముక ఖనిజంలో నాలుగో వంతు దాకా ఆ వేగం అందుకున్న రెండేళ్లలోనే చేరుతుందని అందులో తేలింది. పరుగెత్తడం, గెంతడం, దూకడం లాంటి ఎముక మీద బరువు పడే కదలికలే దాన్ని గట్టిపరుస్తాయి. వయసు మళ్లాక తుంటి ఎముక విరిగి మంచాన పడేది ఆడవాళ్లే ఎక్కువ. సరిగ్గా ఆ ఎముక కట్టుకునే ఏళ్లలోనే మనం వాళ్లని మెట్ల మీద కూర్చోబెడుతున్నాం.

దెబ్బలు తగులుతాయి కదా అంటారు. తగులుతాయి. అందులో దాచడానికి ఏమీ లేదు. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లాంటి ఆటల్లో మోకాలి లోపల ఏసీఎల్ అనే లిగమెంట్ తెగడం అబ్బాయిల కంటే అమ్మాయిల్లో ఎక్కువ. దూకి కిందికి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలిపోవడం ఒక కారణం. దీనికి మందు కూర్చోబెట్టడం కాదు, దిగడం నేర్పడం. పాదాలు భుజాల వెడల్పున ఉంచి, మోకాళ్లు వంచి, మెత్తగా, చప్పుడు కాకుండా దిగమని చెప్పాలి. మోకాలు అదే పాదం వేళ్ల వైపు చూడాలి, పక్క మోకాలి వైపు కాదు. ఒంటికాలి మీద నిలబడటం, తొడ వెనక కండరాలకు బలమిచ్చే కసరత్తులు, ఇవన్నీ వార్మప్‌లోనే చేయించవచ్చు. ఫిఫా వాళ్లు ఇలాంటి ఇరవై నిమిషాల వార్మప్ ఒకటి తయారు చేశారు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల అమ్మాయిల జట్లతో దాన్ని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. తీవ్రమైన గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. బంతి తప్ప దానికి వేరే పరికరం అక్కర్లేదు. పీఈటీ మిత్రులారా, చేతులు గుండ్రంగా నాలుగుసార్లు తిప్పించి "ఇక ఆడండి" అనే వార్మప్ మానేద్దాం.

ఇంకొక మాట మీకే. బాగా ఆడే అమ్మాయి ఎప్పుడూ అలసటగా, ఆయాసంగా ఉంటే బద్ధకమని తిట్టకండి. నెలసరిలో రక్తం ఎక్కువగా పోయే పిల్లల్లో ఐరన్ తక్కువవుతుంది. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించమని ఇంట్లో చెప్పండి. కఠినంగా శిక్షణ తీసుకునే అమ్మాయికి మూడు నెలలు వరసగా నెలసరి రాకపోతే "పీడా పోయింది" అనుకునే కోచ్‌లున్నారు. అది ఒంటికి చాలినంత తిండి అందడం లేదనడానికి గుర్తు కావచ్చు. వెంటనే డాక్టరుకు చూపించాలి. అందరి ముందూ బరువు తూచి అంకె పైకి చదవడం అసలే వద్దు. ఆ అంకె విని తిండి తగ్గించుకున్న పిల్లల్ని నేను చూశాను.

ఇప్పుడు మళ్లీ మొదటి వాదనకు వస్తాను, అమ్మాయిలకు ఆసక్తి లేదన్న దగ్గరికి. చరిత్రలో ఈ మాట చాలాసార్లు వినిపించింది, కొన్నిసార్లు వైద్యం పేరుతో కూడా. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో తొలిసారి మహిళలకు 800 మీటర్ల పరుగు పెట్టారు. ఫైనల్‌లో పరుగెత్తిన తొమ్మిది మందీ గీత దాటారు. గెలిచినామె ప్రపంచ రికార్డు కొట్టింది. పత్రికలు మాత్రం ఆడవాళ్లు కుప్పకూలిపోయారని, చూడలేకపోయామని రాశాయి. ఆ రాతల దెబ్బకు ఆ పరుగును తీసేశారు. మళ్లీ పెట్టింది 1960లో. ముప్పై రెండేళ్లు! పరుగు పందెం అయ్యాక మగవాళ్లు నేల మీద పడి రొప్పితే అది పట్టుదల, ఆడవాళ్లు రొప్పితే బలహీనత. 1967లో బోస్టన్ మారథాన్‌లో నంబరు కట్టుకుని పరుగెడుతున్న కాథరిన్ స్విట్జర్‌ను నిర్వాహకుడొకాయన వెంటపడి ఆ నంబరు లాగేయబోయాడు. ఆమె పరుగు పూర్తి చేసింది. ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్ రావడానికి 1984 దాకా పట్టింది.

అంతకంటే నాకు ఎక్కువగా పనికొచ్చే ఉదాహరణ అమెరికాది. 1972లో అక్కడొక చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడ, మగ అని వివక్ష చూపకూడదని దాని సారాంశం. చట్టంలో ఆ వాక్యం ఆటల ఊసే ఎత్తదు. కానీ ఆటలకూ అది వర్తించింది. జట్లు పెట్టాలి, కోచ్‌లను పెట్టాలి, మైదానం ఇవ్వాలి. చట్టానికి ముందు అక్కడి హైస్కూళ్లలో ఆడే అమ్మాయిలు మూడు లక్షల లోపు. ఇప్పుడు ముప్పై లక్షలు దాటారు. ఆ కాలంలో ఆడపిల్లల స్వభావం పదింతలు మారిపోయిందా? తలుపు తీశారు, లోపలికి వచ్చారు. అంతే.

ఇంగ్లండ్ మహిళల ఫుట్‌బాల్ జట్టు 2022లో యూరో కప్ గెలిచిన వారంలోపే, జట్టులోని 23 మందీ సంతకాలు చేసి అక్కడ ప్రధాని పదవికి పోటీపడుతున్న ఇద్దరు నేతలకు బహిరంగ లేఖ రాశారు. కప్పు గెలిచినవాళ్లు బోనస్ అడగలేదు. ప్రతి స్కూల్లో ప్రతి అమ్మాయికీ ఫుట్‌బాల్ ఆడే అవకాశం ఇవ్వండని, వారానికి కనీసం రెండు గంటలు ఆటల క్లాసు ఉండాలని అడిగారు. 2023 మార్చిలో ప్రభుత్వం ఒప్పుకుంది. నా లేఖకు అంత బలం లేదు, నా వెనక కప్పూ లేదు. కానీ మీరు ప్రధానులు కావలసిన అవసరం కూడా లేదు కదా. మీ స్కూలు టైంటేబుల్ మీద సంతకం మీదే.

టైంటేబుల్ అన్నాను కాబట్టి చదువు సంగతి. పదో తరగతి వచ్చేసరికి ఆటల పీరియడ్ కాగితం మీదే మిగులుతుంది. ఆటలకు టైం ఇస్తే మార్కులు పడిపోతాయన్న భయానికి ఆధారం లేదు. స్కూళ్లలో జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసినవాళ్లు చెప్పేది, మార్కులు తగ్గవు, కొన్నిచోట్ల పెరిగాయి కూడా అని. పొద్దుట్నుంచీ బెంచీ మీద కూర్చున్న పిల్లకి ఇంకో లెక్కల క్లాసు ఎంత ఎక్కుతుందో లెక్కల సారుకే బాగా తెలుసు. ఆటల పీరియడ్‌ను వేరే సబ్జెక్టుకు ఇవ్వాలంటే మీ రాతపూర్వక అనుమతి ఉండాలని ఒక్క నిబంధన పెట్టండి. సగం దాడులు అక్కడే ఆగిపోతాయి.

జట్టు ఎంపిక గురించి కూడా ఆలోచించాలి. వాలీబాల్ జట్టుకు పన్నెండు మందిని తీసుకుంటాం. స్కూల్లో రెండు వందల మంది అమ్మాయిలుంటే మిగతా నూట ఎనభై ఎనిమిది మందికి ఆ రోజుతో ఆట అయిపోయినట్టేనా? పదమూడేళ్లకు కొత్తగా బంతి పట్టుకున్న పిల్లకి "నువ్వు ముందే రావాల్సింది" అంటాం. అదేం వయసని? బి జట్టు పెట్టండి, సి జట్టు పెట్టండి. తరగతుల మధ్య పోటీలు పెట్టి ప్రతి తరగతిలో కనీసం సగం మంది అమ్మాయిలు దిగాలని నియమం పెట్టండి. అసలు ఆట రానివాళ్లకే ఒక రోజు కేటాయించండి, ఆ రోజు జట్టు పిల్లలు వాళ్లకు నేర్పాలి. పోటీ అంటే గిట్టని పిల్లలుంటారు. వాళ్లకు స్కిప్పింగ్, డాన్సు, సైకిల్, బ్యాడ్మింటన్, ఏదైనా సరే. ఏం కావాలో వాళ్లనే అడగండి. చీటీల మీద పేరు లేకుండా రాయమంటే రాస్తారు. నేను అడిగించినప్పుడు ఎక్కువ చీటీల్లో వచ్చింది ఫుట్‌బాల్, క్రికెట్. మనం వాళ్లకు ఎప్పుడూ ఇవ్వని ఆటలే.

మాటలు కూడా చూసుకోవాలి. బంతి సరిగా విసరని అబ్బాయితో "ఏంట్రా ఆడపిల్లలా విసురుతావు" అంటాం. తిట్టింది అబ్బాయినే, కానీ పక్కనున్న ముప్పై మంది అమ్మాయిలూ విన్నారు. బాగా ఆడితే "మగరాయుడు" అంటాం, మెచ్చుకున్నామనుకుంటాం. నల్లబడిపోతావనీ, కాళ్లు లావెక్కుతాయనీ నవ్వుతూ అనేస్తాం. మనం మర్చిపోతాం. ఆ పిల్ల మర్చిపోదు. స్టాఫ్ మీటింగులో ఈ మాటలు వద్దని ఒకసారి గట్టిగా చెప్పండి.

తల్లిదండ్రుల భయాలను తేలిగ్గా తీసుకోకండి. వాళ్లు ఎక్కువగా అడిగేవి రెండే: ఎప్పుడు ఇంటికొస్తుంది, పక్కన ఎవరుంటారు. ఇవి సరైన ప్రశ్నలు. ప్రాక్టీసు ఏ రోజుల్లో, ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుంది, బాధ్యత ఎవరిది, ఫోన్ నంబరు ఏది, ఇవన్నీ కాగితం మీద రాసి పంపండి. చీకటి పడకముందే ముగించండి. మ్యాచ్‌లకు బయటికి తీసుకెళ్తే వెంట ఒక మేడమ్ ఉండాల్సిందే. ఆ అమ్మలను ఒకసారి మైదానానికి పిలవండి. కూతురు పరుగెత్తడం చూశాక ఇంటికెళ్లి వాదించే పని వాళ్లే చూసుకుంటారు.

ఈ భయాల్లో పెద్దది పైకి చెప్పనిది. కోచ్ ఎలాంటివాడు? దీన్ని మనమే ఎత్తాలి, వాళ్లు అడిగేదాకా ఆగకూడదు. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు డాక్టరు ఏళ్ల తరబడి అమ్మాయిల్ని లైంగికంగా వేధించాడు. 2018లో శిక్ష ఖరారు చేసే విచారణలో 150 మందికి పైగా కోర్టులో నిలబడి మాట్లాడారు. వాళ్లలో కొందరు చిన్నప్పుడే పెద్దలకు చెప్పుకున్నారు, ఎవరూ పట్టించుకోలేదు. మన స్కూలు చిన్నదే కావచ్చు, నియమాలు మాత్రం ఉండాలి. మూసిన గదిలో ఒక పిల్లతో ఒక్క కోచ్ ఉండకూడదు. భంగిమ సరిదిద్దాలంటే ముందు చూపించాలి. తాకాల్సి వస్తే అడిగి, అందరూ చూస్తుండగానే. విడిగా రాత్రిపూట మెసేజులు ఉండకూడదు, చెప్పాల్సినవి గ్రూపులోనే, తల్లిదండ్రులు ఉన్న గ్రూపులో. ఫిర్యాదు ఎవరికి చెప్పాలో పిల్లలందరికీ తెలియాలి, ఆ మనిషి ఆటల విభాగానికి చెందినవాళ్లు కాకూడదు. నాతోటి పీఈటీ సార్లలో కొందరికి ఇది అవమానంగా అనిపిస్తుందని నాకు తెలుసు. మంచివాళ్లకు ఈ నియమాలు కవచం. మిగతావాళ్లకు అడ్డం. రెండూ కావాలి.

చివరగా లెక్క. ఏడాది చివర మీరు పైకి పంపే రిపోర్టులో ఎన్ని కప్పులు వచ్చాయని ఒక గడి ఉంటుంది. దాని పక్కన మీ అంతట మీరే ఇంకో గడి గీయండి: తొమ్మిదో తరగతి అమ్మాయిల్లో ఈ వారం చెమట పట్టేలా ఆడినవాళ్లు ఎందరు? పీఈటీ దగ్గర ఒక చిన్న పుస్తకం ఉంటే చాలు. జూన్‌లోనో, బడి ఎప్పుడు తెరిస్తే అప్పుడో మొదటి వారం అంకె రాసిపెట్టండి. మూడు నెలలకు మళ్లీ చూడండి. ఆటల నిధుల్లో అమ్మాయిల కోసం ఎంత ఖర్చయిందో కూడా అందులోనే రాయించండి. ఆ అంకె చూసి మీకే ఆశ్చర్యం వేయవచ్చు.

ఇవన్నీ ఒకేసారి చేయమనడం లేదు. బట్టల రంగు మార్చాలంటే వచ్చే ఏడాది దాకా ఆగాలి, ఆటల మేడమ్ పోస్టు రావాలంటే ఇంకా ఆలస్యం కావచ్చు. మైదానం టైంటేబుల్‌కు ఒక కాగితం చాలు. బాత్రూం గడియకు వడ్రంగి వస్తే గంట పని. నన్నడిగితే ముందు ఆ గడియే బిగించమంటాను.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయురాలు